ఇంకో ఫ్లోర్ వేసే ముందు ఫుటింగు చూడండి: తిరుపతి భవన యజమానులకు బహిరంగ లేఖ

తిరుపతిలో సొంత మేడలున్న అన్నలకు, అక్కలకు, లాడ్జీలు, హాస్టళ్లు నడుపుతున్న పెద్దలకు,

నమస్కారం. నేను ఈ ఊళ్లోనే బిల్డింగులకు స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తుంటాను. మీలో చాలామంది నా దగ్గరికి వచ్చేది కట్టేశాక, లేదంటే సగం కట్టాక. వచ్చి అడిగేది ఒకటే మాట: "పైన ఇంకో ఫ్లోర్ వేస్తున్నాం సార్, ఒక సంతకం పెట్టండి." సంతకంతో పిల్లరుకు బలం రాదని చెబితే ముఖం ముడుచుకుని ఇంకో సంతకం వెతుక్కుంటూ పోతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, అందరికీ కలిపి రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిక చేసుకోండి.

మీ ఇబ్బంది నాకు తెలియంది కాదు. కొండకు వచ్చే జనం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు, చదువుల కోసం వచ్చే పిల్లలకు హాస్టళ్లు చాలవు, స్థలం కొందామంటే రేట్లు ఆకాశంలో ఉన్నాయి. ఉన్న జాగాలో పైకి పోవడం తప్ప వేరే దారి లేదనుకోవడంలో తప్పేమీ లేదు. నేను వద్దనడం లేదు కూడా. పైన పెట్టే బరువు కింద నేల దాకా ఏ దారిన పోతుందో, ఆ దారి దాన్ని తట్టుకుంటుందో లేదో చూశాకే వేయమంటున్నాను, అంతే.

మీరు మంచం మీద కూర్చుంటే ఆ బరువు స్లాబుకు, స్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి ఫుటింగుకు, అంటే పిల్లరు కింద నేలలో వేసే పునాది దిమ్మెకు, అక్కణ్ణుంచి నేలకు దిగుతుంది. ఈ దారిలో ఏ ఒక్కచోట బలం చాలకపోయినా మిగతావి ఎంత గట్టిగా ఉండి ఏం లాభం? "పై ఫ్లోరుకు మంచి కంపెనీ సిమెంటు, మంచి కంబీ వాడాం సార్" అని గొప్పగా చెప్తారు చూడండి, నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. కొత్తది ఎంత దిట్టంగా కడితే అంత బరువు. దాన్ని మోయాల్సింది ఇరవై ఏళ్ల కింద, అప్పుడున్న డబ్బుకు తగ్గట్టు, రెండు ఫ్లోర్లకని వేసిన పాత ఫుటింగు.

ఆ బరువు ఎంతో ఒకసారి లెక్క వేసుకుందాం. వెయ్యి చదరపు అడుగుల ఫ్లోరు అనుకోండి. ఐదంగుళాల స్లాబు చదరపు అడుగుకు దాదాపు 29 కిలోలు తూగుతుంది, అంటే ఒట్టి స్లాబే 29 టన్నులు. టైల్సు, వాటి కింద బెడ్డు కలిపి ఇంకో 10. తొమ్మిదంగుళాల ఇటుక గోడ తొమ్మిదడుగుల ఎత్తు కడితే ఒక్క మీటరు పొడవుకు టన్నుంబావు. బయటి గోడలు, లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు కలిపి 50 టన్నులకు తక్కువ కాదు. బీములు, పిల్లర్లు ఒక 15. ఇక మనుషులకు, మంచాలకు, బీరువాలకు మన కోడ్, అంటే బిల్డింగు లెక్కలకు ఇంజనీర్లు పాటించే ప్రమాణాల పుస్తకం, చదరపు మీటరుకు 200 కిలోలు లెక్కేయమంటుంది, అది 18 టన్నుల పైమాట. అన్నీ కూడితే 120 టన్నులు దాటింది. పన్నెండు పిల్లర్లుంటే తలా పది టన్నులే కదా అంటారేమో, అవి అన్నదమ్ముల వాటాల్లా సమానంగా పంచుకోవు. మూల పిల్లరు మీదికి ఒక మూల బరువే వస్తుంది, నట్టింట్లో పిల్లరుకు నాలుగు వైపుల నుంచీ వస్తుంది. దానికి రెండు మూడు రెట్లు పడినా ఆశ్చర్యం లేదు. మీరు సోఫా వెనకాల పెయింటు వేసి దాచిపెట్టిన పిల్లరు అదే.

లాడ్జీల సంగతి ఇంకా వేరు. ఇల్లుగా కట్టిన ఫ్లోరును గదులుగా చీల్చి, ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూమ్ ఇస్తారు. స్లాబు అక్కడ కిందికి దించి కట్టలేదు కాబట్టి పైపులు పోవడానికి అడుగు ఎత్తు ఇటుక ముక్కలు, రద్దు పోసి లేపుతారు. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న బాత్రూమ్‌లో ఆ రద్దు ఒక్కటే దాదాపు టన్నున్నర. చుట్టూ లేచే గోడలు, తొట్టి, నీళ్లు వేరే. చదరపు మీటరుకు 200 కిలోలని వేసిన స్లాబు మీద ఆ రద్దే 500 కిలోలు! దానికి తోడు ఆ గోడల కింద బీమే ఉండదు, స్లాబు నడిమధ్యన కూర్చుంటాయి. అలాంటి ఫ్లోరు కింద నిలబడి పైకి చూస్తే సీలింగు మధ్యలో సన్నగా, వెంట్రుక మందం పగులు కనిపిస్తుంది. పుట్టీ పెట్టి మూసేస్తారు. పై ఫ్లోరును ఫంక్షన్ హాలు చేసేవాళ్లకు ఇంకో మాట: సీట్లు బిగించకుండా జనం గుమిగూడే హాలుకు కోడ్ అడిగేది చదరపు మీటరుకు 500 కిలోలు. ఇంటికన్నా రెండున్నర రెట్లు.

ఇక్కడ అందరూ ఒక మాట అంటారు, "మీరు ఎలాగూ ఎక్కువ వేసే డిజైన్ చేస్తారు కదా సార్, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అని ఉంటుందట కదా." ఉంటుంది. బరువును ఒకటిన్నర రెట్లు అనుకుంటాం, కాంక్రీటు బలాన్ని ఒకటిన్నరతో భాగిస్తాం, కంబీ బలాన్ని 1.15తో. కానీ ఆ మిగులు మీ కోసం దాచిపెట్టిన అదనపు ఫ్లోరు కాదు. అది సైటులో జరిగే తప్పుల ఖాతా. బస్తా సిమెంటుకు 25 లీటర్ల చుట్టుపక్కల నీళ్లు చాలు. కాంక్రీటు సులభంగా జారాలని బకెట్ల కొద్దీ పోస్తారు, ఆ నీళ్లు ఆవిరైపోయిన చోటల్లా సన్నటి ఖాళీలు మిగులుతాయి. కాంక్రీటును కుదిపి కూర్చోబెట్టే వైబ్రేటర్ సరిగా పెట్టక పిల్లరు అడుగున కంకర తేలి కనిపిస్తుంది, సెంట్రింగు విప్పగానే ఎవరూ చూడకముందే మేస్త్రీ దానికి సిమెంటు పూసేస్తాడు. నిలువు కంబీల చుట్టూ వేసే రింగులు ఆరంగుళాలకు ఒకటి కట్టమంటే తొమ్మిదంగుళాలకు కడతారు. ఎండాకాలం రెండు రోజులు నీళ్లు పట్టి మూడో రోజు మర్చిపోతారు. మీరు లెక్కలో పెట్టుకున్న మిగులును ఇల్లు కట్టేనాడే తినేశారు.

"చంద్రగిరి కోటలో రాజమహల్ ఏ ఇంజనీరు కట్టాడు? ఇన్ని వందల ఏళ్లు నిలబడలేదా?" ఇది రెండో మాట, ముఖ్యంగా పెద్దవాళ్లు అనేది. ఈ మాట నాకు భలే ఇష్టం, ఎందుకంటే రాజమహల్ దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే నా వాదన సగం అదే చెప్పేస్తుంది. దాంట్లో చెక్క వాడలేదు. రాయి, ఇటుక, సున్నం. ఈ మూడింటికీ నొక్కితే మోసే బలం ఎక్కువ, లాగితే తెగిపోతాయి. కాబట్టి కట్టినవాళ్లు లాగుడు అనేదే రాకుండా చూసుకున్నారు: గోడలు మందంగా పెట్టారు, తలుపుల మీద, వరండాల మీద కమానులు తిప్పారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఆ నొక్కుడు వంపు వెంట దిగి గోడలోకి, గోడలోంచి పునాదిలోకి పోతుంది. వాళ్లకు లెక్కలు రాసుకునే కోడ్ పుస్తకం లేదేమో గానీ బరువు దారి మాత్రం తెలుసు. మన ఇళ్ల పిల్లర్లు తొమ్మిదంగుళాల మందం. ఆ మందం గోడలోనే దాక్కోవాలి, బయటికి కనపడకూడదు, బీరువాకు అడ్డం రాకూడదు. రాజమహల్ గోడ మందం మీరు మీ హాలులో ఒప్పుకుంటారా?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పాతవి నిలబడ్డాయి అంటాం గానీ, నిలబడనివి మనకు కనపడవు కదా. తిరుమలలో శిలాతోరణం చూసే ఉంటారు. దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, మనిషి చెయ్యి పడకుండా తయారైన రాతి కమాను. దాన్ని ఎవరూ డిజైన్ చేయలేదు. ఎండకు, వానకు, గాలికి ఆ రాతిలో నిలబడలేని ముక్కలన్నీ యుగాలుగా ఒకటొకటిగా రాలిపోగా, బరువును నొక్కుడు దారిలోనే కిందికి పంపగలిగిన ఆకారం మిగిలింది. అంటే దాని టెస్టింగ్ ముందే అయిపోయింది, రాలాల్సింది రాలిపోయింది, అప్పుడు అక్కడ ఎవరూ అద్దెకు లేరు. మీ బిల్డింగుకు ఆ టెస్టింగ్ జనం లోపల ఉండగా జరుగుతుంది.

చెట్టు ఇంకో రకం. చింతచెట్టు కొమ్మ పెరిగేకొద్దీ మొదలు కూడా ఏటేటా లావెక్కుతుంది. కొమ్మ మానును కలిసే చోట, ఎక్కడ వంపు బలం ఎక్కువగా పడుతుందో సరిగ్గా అక్కడే, కలప ఎక్కువ పెట్టుకుంటుంది. పైన ఫ్లోరు వేశారని మీ పిల్లరు లావెక్కదు. లావెక్కించాలంటే ఉంది దారి, జాకెటింగ్ అంటారు: ఫుటింగు దగ్గర్నుంచి తవ్వుకుంటూ వచ్చి, పాత పిల్లరు చుట్టూ కొత్త కంబీ కట్టి కొత్త కాంక్రీటు పోస్తారు. ఖర్చే, కాదనను. గ్రౌండ్ ఫ్లోరులో షాపులుంటే వాళ్లను కొన్నాళ్లు ఖాళీ చేయించాలి, అదింకా కష్టం.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో సంపూంగ్ అనే పెద్ద షాపింగ్ బిల్డింగు కథ చెప్తాను, ఎందుకంటే అందులో చాలా అడుగులు మన ఊళ్లో రోజూ జరిగేవే. మొదట నాలుగు ఫ్లోర్లకని అనుకున్నారు. తర్వాత ఐదోది కలిపారు. పాత కాంట్రాక్టరు కుదరదంటే అతన్ని పంపించేసి వేరేవాళ్లతో కట్టించారు. ఐదో ఫ్లోరులో హోటళ్లు పెట్టారు, నేల వేడిగా ఉండటానికి పైపులు వేసి కాంక్రీటు బెడ్డు పోశారు, బరువు ఇంకా పెరిగింది. కింద జాగా కావాలని పిల్లర్ల మందం తగ్గించారు. పైన ఏసీ యంత్రాల మోతకు పక్కవాళ్లు గొడవ చేస్తే 1993లో వాటిని క్రేన్‌తో ఎత్తకుండా స్లాబు మీదే దొర్లించి అవతలికి జరిపారు, అక్కడే పగుళ్లు మొదలయ్యాయి. 1995 జూన్ 29న పొద్దున్నే ఐదో ఫ్లోరులో పగుళ్లు పెద్దవయ్యాయి. పై ఫ్లోరు మూసేశారు, ఏసీలు ఆపేశారు, కానీ గిరాకీ పోతుందని కొట్టు మూయలేదు. సాయంత్రం కూలింది, అర నిమిషం కూడా పట్టలేదు. 502 మంది పోయారు. ఒక్క పెద్ద తప్పు లేదు అందులో. పిల్లరు కాస్త సన్నం, బరువు కాస్త ఎక్కువ, పగులు కాస్త పెద్దది, ప్రతిసారీ "ఏం కాదులే" అనే ఒక మనిషి.

మన దగ్గర పిల్లర్లను తగ్గించరు గానీ బీములకు బెజ్జాలు పెడతారు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నేను చూసింది చెప్తాను. పేరు అవసరం లేదు. కొత్త బాత్రూమ్ పైపు పోవడానికి ప్లంబరు కోర్ కటింగ్ మిషన్‌తో బీములో నాలుగంగుళాల బెజ్జం కొట్టాడు, అదీ పిల్లరుకు జానెడు దూరంలో. బీములో కోత బలం, అంటే బీమును అడ్డంగా తెంపాలని చూసే బలం, అన్నిటికన్నా ఎక్కువగా పడేది పిల్లరు పక్కనే. రింగులు దగ్గర దగ్గరగా కట్టించేది అందుకే. ఆ బెజ్జంలో వేలు పెట్టి చూస్తే తెగిన రింగు కొస చేతికి తగిలింది, మెషిన్ కోతకు అద్దంలా మెరుస్తోంది. ప్లంబరును అడిగితే "కంబీ ఏదో అడ్డం వచ్చింది సార్, కోసేశా" అన్నాడు. అతన్ని అనడానికేముంది, పైపు వంపు తిరగకుండా నేరుగా పోవాలని చెప్పింది ఓనరు.

బాల్కనీలు ఇంకో తలనొప్పి. గోడ బయటికి వేలాడే స్లాబు పైవైపు లాగుడికి గురవుతుంది, కింది వైపు నొక్కుడికి. అందుకే అసలు కంబీ పైన ఉండాలి. డ్రాయింగులో పైనే ఉంటుంది, కట్టేటప్పుడు పైనే కడతారు, కాంక్రీటు పోసేరోజు తట్టలు మోసే మనుషులు దాని మీదే నడిచి నడిచి రెండంగుళాలు కిందికి తొక్కేస్తారు. ఐదంగుళాల స్లాబులో కంబీ రెండంగుళాలు దిగితే బలం సగానికి పడిపోయినట్టే. పైగా మూడడుగుల బాల్కనీని నాలుగున్నర అడుగులు చేస్తే పొడవు ఒకటిన్నర రెట్లే పెరిగినా గోడ దగ్గర వంపు బలం రెండుంబావు రెట్లవుతుంది, కొసన ఇటుక పిట్టగోడ కడితే ఇంకా ఎక్కువ. ఆ బాల్కనీని అద్దాలతో మూసి వాషింగ్ మెషిన్ పెట్టి, పక్కన నీళ్ల డ్రమ్ము కూడా పెడతారు.

పార్కింగ్ కోసం కింద గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టేవాళ్లకు ఒక ముక్క. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్టుమెంట్లు చాలా కూలాయి. పై ఫ్లోర్లు గోడలతో బిగుసుకుని ఉంటాయి, ఊగుడంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. పైన బరువు పెంచేకొద్దీ ఆ ఊగుడూ పెరుగుతుంది.

బలం ఎప్పుడూ కిందికే పోతుందనుకోకండి, భూమిలో నీళ్లు కింది నుంచి పైకి కూడా తోస్తాయి. 2021 నవంబర్ వరదలు గుర్తున్నాయి కదా. ఆ తర్వాత మన శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు రింగుల సంపు శుభ్రం చేస్తుంటే భూమిలోంచి పైకి లేచింది. ఊరంతా వింత అని చూడ్డానికి పోయారు, దేవుడి మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. అది తేలింది, అంతే. బయటి కొలతల్లో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న మామూలు సంపు తీసుకోండి. చుట్టూ భూమిలో నీళ్లు పైదాకా వస్తే అది పన్నెండు టన్నుల నీటిని పక్కకు తోసి కూర్చున్నట్టు, అంటే పన్నెండు టన్నుల బలంతో నీళ్లు దాన్ని పైకి నెడుతున్నట్టు. ఆరంగుళాల గోడలు, అడుగు, మూత కలిపి దాని బరువు పదిన్నర టన్నులే. లోపల నీళ్లుంటే కదలదు, ఖాళీ చేస్తే చుట్టూ మట్టి పట్టు ఒక్కటే దిక్కు. కాబట్టి పెద్ద వానలు పడి నేల ఉబ్బి ఉన్నప్పుడు సంపు తోడి కడగకండి, వారం ఆగండి. సెల్లార్లు తవ్వేవాళ్లకూ ఇదే లెక్క. గుంటలు, చెరువులు పూడ్చి వేసిన లేఅవుట్లలో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ నేల వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది, ఫుటింగు ఒక పక్క దిగితే గోడల్లో కిటికీ మూల నుంచి ఐమూలగా పగులు పాకుతుంది.

పగుళ్లన్నీ ప్రమాదం కాదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ప్లాస్టరింగులో సాలెగూడులా వచ్చేవాటికి టెన్షన్ పడనక్కర్లేదు. పై ఫ్లోరులో స్లాబుకు గోడకు మధ్య అడ్డంగా వచ్చేది ఎక్కువగా ఎండకు స్లాబు సాగడం వల్ల. కానీ పిల్లరులో నిలువుగా, తుప్పు మరకతో వస్తే లోపల కంబీ తుప్పు పడుతోందని అర్థం. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు జాగా తీసుకుంటుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. బీములో పిల్లరు పక్కన ఐమూల పగులు కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి, నాకే చేయక్కర్లేదు, తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరికైనా.

శ్రీకాళహస్తి రాజగోపురం మనకు దగ్గరి పాఠం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26న కూలింది. దాదాపు ఐదొందల ఏళ్లు మోసిన కట్టడం కూడా పోయేముందు పగుళ్లతో చెప్పింది. పగులు పెరుగుతోందని గమనించి జనాన్ని ముందే దూరం పంపారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. గోపురాన్ని 2017 నాటికి మళ్లీ నిలబెట్టుకున్నాం.

ఇక మీరు చేయాల్సింది. పై ఫ్లోరు ఆలోచన వస్తే ముందు నట్టింటి పిల్లరు ఒకదాని పక్కన తవ్వించి ఫుటింగు ఎంత సైజు ఉందో, ఏ నేల మీద కూర్చుందో చూపించండి. పాత డ్రాయింగు ఉంటే బయటికి తీయండి, లేదంటే కాంక్రీటు బలం, కంబీ ఎక్కడెక్కడ ఉందో మెషిన్లతో చూసే వీలుంది. ప్లాన్ గీసి అప్రూవల్ తెచ్చే మనిషి, బలం లెక్క చూసే మనిషి ఒకరే అనుకోవద్దు. జరిమానా కట్టి ఫ్లోరు రెగ్యులర్ చేయించుకుంటే కాగితం సరిపోతుంది, ఫుటింగు సంగతి అలాగే ఉంటుంది. లెక్క సరిపోకపోతే బరువు తగ్గించే మార్గాలున్నాయి: ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు దిమ్మెలు) ఎర్ర ఇటుకలో మూడో వంతు బరువే, స్లాబు బదులు ఇనుప ఫ్రేము మీద రేకుల కప్పు వేసుకోవచ్చు, నీళ్ల ట్యాంకును స్లాబు నడుమ కాకుండా పిల్లర్ల మీదికి జరపొచ్చు. ఇవన్నీ ఎలివేషన్ డిజైన్‌కు, లైట్లకు మీరు పెట్టే ఖర్చులో చిన్న ముక్క.

ఇప్పటికే ఫ్లోరు వేసేసినవాళ్లు, అనుమానం ఉన్న పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క ఒకటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి, పక్కన తేదీ రాయండి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. విరిగితే ఆ గది కింద, పైన ఉన్నవాళ్లకు ముందు చెప్పండి, మేస్త్రీకి తర్వాత. అద్దెకున్నవాళ్లు ఆ గాజు ముక్క ఏమిటని అడిగితే దిష్టి కోసమని కాకుండా నిజం చెప్పండి.

ఇట్లు,
తిరుపతిలో మీ ఇళ్లలోనే ఒకదాంట్లో, మూడో ఫ్లోరులో అద్దెకుంటున్న ఒక స్ట్రక్చరల్ డిజైనర్